బోణీకి రాని కారు

పక్కింటాయన పదోరోజు భోజనాలకి వెళ్తే హాల్లో దండ వేసిన ఫొటో పెట్టారు. ఫొటోలో ఆయన ఒక్కడే లేడు, కారు కూడా ఉంది. నిజం చెప్పాలంటే ఫొటో నిండా కారే ఉంది. ఆయన దాని బానెట్ మీద ఒక చెయ్యి ఆనించి ఓ పక్కగా నిలబడ్డాడు. దణ్ణం పెడుతూ, ఇది వీళ్ళిద్దరిలో ఎవరికి చేరుతుందో అనుకున్నాను. నవ్వొచ్చింది. పోయిన మనిషి ఫొటో ముందు నవ్వడం తప్పేనని నాకూ తెలుసు. కానీ ఆ మనిషి ఏళ్ళ తరబడి, దాదాపు ప్రతి ఉదయం, నాచేత ఆ కారు తోయించాడు. ఆ మాత్రం నవ్వుకునే హక్కు నాకుందనుకుంటాను.

మాది చిక్కడపల్లిలో ఒక సందు. తాతల కాలంలో గుంటూరు వైపు నుంచి ఉద్యోగాలకని వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబాలు అందులో నాలుగైదు ఉంటాయి. మాదొకటి, ఆయనదొకటి. నేను నారాయణగూడలో ఒక జూనియర్ కాలేజీలో లెక్చరర్ని. ఆయన ఏం చేసేవాడంటే చెప్పడం కష్టం. అశోక్‌నగర్‌లో ఆయనకొక మేడ ఉండేది, దాన్నిండా సర్కారు ఉద్యోగాల పరీక్షలకి చదువుకునేవాళ్ళు ఉండేవారు. వాళ్ళ కిరాయిల మీద ఈయన తెల్ల బుష్‌షర్టు వేసుకుని, భుజాన పసుపు గుడ్డ వేసుకుని, కారు తుడుచుకునేవాడు. భార్య ఎప్పుడో పోయింది. పిల్లల్లేరు. ఊళ్ళో ఎక్కడో ఒక మేనల్లుడు.

"ఒక్క చెయ్యి వేయండి మాస్టారూ!"

అదీ ఆయన పిలుపు. నేను ఎనిమిదిన్నరకి గేటు తీస్తానని ఆయనకి బాగా తెలుసు. అప్పటికే స్టీరింగ్ ముందు కూర్చుని ఉండేవాడు. నాతోపాటు, టీకొట్టుకి పోతున్న సందు చివరి హాస్టలువాళ్ళు ఇద్దరు ముగ్గురు దొరికేవాళ్ళు. అందరం డిక్కీ దగ్గర చేరగానే లోపలినుంచి ప్రశ్న వచ్చేది: "ఉంగరాలు తీశారా?" పెయింటు గీసుకుపోతుందని ఆయన భయం. మా మావగారు పెట్టిన ఉంగరం తీసి జేబులో వేసుకుని, అరచేతులు మాత్రమే ఆనించి, వేళ్ళు పైకెత్తి తోసేవాణ్ణి. కిటికీలోంచి కుడిచెయ్యి బయటికి చాచి రెండు వేళ్ళు ఊపేవాడు. ఇంకొంచెం గట్టిగా అని అర్థం. ఇంజను అందుకుందా, ఆ చెయ్యే టాటా చెప్పేది. కారు మా మొహాన పొగ కొట్టి నారాయణగూడ వైపు తిరిగేది. నేను వెళ్ళేదీ నారాయణగూడకే. ఎక్కండి మాస్టారూ అని ఒక్కనాడూ అనలేదు.

అంత హడావుడిగా ఎక్కడికి వెళ్ళేవాడనుకున్నారు? కొత్తిమీరకి. వంకాయలకి. ఒక రోజు పాలపాకెట్టుకి కూడా వెళ్ళాడు. పాతకార్లున్న మిగతావాళ్ళు వాటిని గుడ్డ కప్పి దాచుకుంటారనీ, తాను మాత్రం రోజూ వాడే మగాడిననీ ఆయన గొప్ప. నారాయణగూడ మార్కెట్టు దగ్గర మన ఆటోలకే చోటు ఉండదు. అక్కడ ఆ పడవంత పాత అమెరికా కారుని రోడ్డుకి అడ్డంగా ఆపి, దిగి, తలుపు పసుపు గుడ్డతో తుడిచి, అప్పుడు వెళ్ళి కొత్తిమీర బేరమాడేవాడు. వెనక ఆటోలు, బస్సు, స్కూటర్లు, అన్నీ హారన్లు. ఒకసారి నేనూ ఆ వరసలో ఇరుక్కున్నాను. ఆటో ఆయన తల బయటపెట్టి అరిచాడు: "ఏంది సార్, కొత్తిమీరకు ఇంత బండా? జర తియ్‌రాదు, సవారీ పరేషాన్ అయితుండు!"

ఈయన వెనక్కి తిరిగి చిరునవ్వు నవ్వాడు. తిట్టు కూడా మెచ్చుకోలుగా వినిపించే చెవులు దేవుడు కొందరికే ఇస్తాడు. ఆ సాయంత్రం నాతో అన్నాడు: "చూశారా మాస్టారూ, ఆటోవాడు కూడా కళ్ళు తిప్పుకోలేకపోయాడు. మీకున్నవి బళ్ళు. నాది కారు."

ఆ కారు పుట్టుపూర్వోత్తరాలు ఆయన నోట రోజుకో రకంగా ఉండేవి. ఒక రోజు ఎవరో నవాబుగారి బేగం దాన్లో షికారు వెళ్ళేది. ఇంకో రోజు ఎవరో దొర అమెరికా వెళ్ళిపోతూ కన్నీళ్ళు పెట్టుకుని వాళ్ళ నాన్నకి అప్పజెప్పాడు. అసలు సంగతి నర్సిములు చెప్పాడు నాకు. "తుక్కు దుకాణం ఎనక వడి ఉండె సార్. కోళ్ళు గుడ్లు పెడుతుండె అండ్ల. ముంగటి సీటు కింద నాకే నాలుగు దొరికినయ్."

నర్సిములు మెకానిక్. మహబూబ్‌నగర్ వైపు పల్లె నుంచి తల్లిదండ్రులతో కూలిపనికి వచ్చి, దోమలగూడలో ఒకాయన షెడ్డులో పని నేర్చుకున్నాడు. ఆ కోళ్ళగూటిని కారు చేసింది నర్సిములు. మూడేళ్ళు పట్టింది. షెడ్డులో పగటిపని అయ్యాక సాయంత్రాలు, ఆదివారాలు పూర్తిగా, ఈయన కాంపౌండులో కారు కింద పడుకుని ఉండేవాడు. ఆ కారుకి విడిభాగాలు ఎక్కడా దొరకవు. దొరకనివి తనే చేసేవాడు. బ్రేకులు జీపువి తెచ్చి కుదిర్చాడు, పెట్రోలు పంపు ఏదో వ్యానుది, అద్దాల చుట్టూ రబ్బరు ఎక్కడిదో నాకు గుర్తులేదు. ఎండాకాలం పంపు వేడెక్కి బండి ఆగిపోతుంటే దాని మీద తడిగుడ్డ చుట్టే ఉపాయం కూడా అతనిదే. ఆ మూడేళ్ళూ ఈయన పక్కన కుర్చీ వేసుకుని టీ తాగాడు. కూలి ఇచ్చేవాడు, అది కాదనను. అప్పుడప్పుడు స్పానర్ అందించేవాడు కూడా, అదీ పసుపు గుడ్డతో పట్టుకుని.

తయారయ్యాక బండిని రోడ్డు మీద పరీక్ష చెయ్యాలంటే ఈయనే నడపాలి. నర్సిములు వెనక సీట్లో కూర్చుని ఇంజను చప్పుడు వినాలి. అతని బట్టల జిడ్డు సీటుకి అంటకుండా ఈయన ముందుగా న్యూస్‌పేపర్ పరిచేవాడు. తలుపు పిడి కూడా ముట్టనిచ్చేవాడు కాదు, తనే దిగివచ్చి తీసేవాడు. చూసేవాళ్ళకి అది మర్యాదలా కనిపించేది.

ఇక తోసే సంగతి. ఆ కారుకి ఆరు వోల్టుల బ్యాటరీ. పొద్దున్నే సెల్ఫ్ కొడితే మూలిగి ఊరుకునేది. నర్సిములు ఎన్నిసార్లు మొత్తుకున్నాడో. "పన్నెండు వోల్టులది ఏసి, జర తీగెలు మారుస్త సార్. ఒక్క దెబ్బకు లేస్తది. తోసుడు పని ఉండది."

"ఒరిజినల్ పోతుందోయ్! అమెరికావాడు ఆరు పెట్టాడంటే ఊరికే పెట్టాడా?"

జీపు బ్రేకులకి పోని ఒరిజినల్ బ్యాటరీకి పోతుందా అని అడగబోయి ఊరుకున్నాను. నేను చాలా విషయాల్లో ఊరుకున్నాను. అదే చెప్పబోతున్నాను.

కారు రోడ్డెక్కిన రెండో ఏడు నర్సిములు సొంత షెడ్డు పెట్టుకున్నాడు. దోమలగూడలోనే, చిన్న రేకుల షెడ్డు. ప్రారంభోత్సవం కార్డుకి నాలుగు మూలలా పసుపు రాసి తెచ్చి, ఈయన గేటు దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. అప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"సార్, బోణీ మీ బండితోనే అని మొక్కుకున్న. పొద్దుగాల తొమ్మిదింటికి తెండ్రి. పొద్దు గూకెదాంక షెడ్డు ముంగట నిలవెడ్త. నలుగురు జూస్తరు, ఎవరు చేసిండ్రని అడుగుతరు. గంతే సార్. ఇంకేం వద్దు నాకు."

ఈయన కార్డు తీసుకుని కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టాడు. "నీ షెడ్డుకి రాక ఎక్కడికి పోతుందోయ్! ఇది నీ కారు కాదూ?"

నర్సిములు మొహం చూడాలి అప్పుడు. నావైపు తిరిగి, "మాస్టర్ సార్, మీరు జర యాది చేయుండ్రి," అన్నాడు. చేస్తానన్నాను.

ముహూర్తం రోజు నాకు సెలవు. పొద్దున్నే గుర్తు చేశాను కూడా. "తెలుసు మాస్టారూ, ఒక్క చెయ్యి వేయండి," అన్నాడు. ఉంగరం తీసి, షెడ్డుకే పోతోందని మామూలు కంటే గట్టిగా తోశాను. చెయ్యి ఊపుతూ వెళ్ళాడు. నేను స్కూటర్ మీద దోమలగూడ చేరేసరికి అక్కడ అన్నీ ఉన్నాయి, కారు లేదు. నాలుగు చక్రాల కిందికి నాలుగు నిమ్మకాయలు, కొబ్బరికాయ, కర్పూరం. నర్సిములు భార్య బంతిపూల దండ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ బానెట్ పొడుగుకి సరిపోయేలా కట్టిన దండ అది, చుట్టలు చుట్టినా ఒడి నిండిపోయింది.

పది అయింది. ఒకడు బైకు బ్రేకు బిగించమని వచ్చాడు. "బోణీ గాలే అన్నా, జర ఆగి రా," అన్నాడు నర్సిములు. ఒక ఆటో వచ్చింది. అదీ వెనక్కి పోయింది. వ్యానొకటి కూడా వచ్చింది. అతను రెంచి ముట్టలేదు. ఆ బండితోనే బోణీ అని నోటితో మొక్కుకున్నాక ఇంకో బండి మీద చెయ్యి వెయ్యకూడదు. కొత్త షెడ్డుకి మొదటిరోజు వచ్చిన గిరాకీని ఇలా తిప్పి పంపుతుంటే చూస్తూ కూర్చోలేక లేచాను. ఫోన్ చేశాను. ఎత్తలేదు. చేశాను. ఎత్తలేదు.

పదకొండింటికి వెతకడానికి బయల్దేరాను. ఎక్కువ దూరం పోనక్కర్లేకపోయింది. ట్యాంక్‌బండ్ కింద ఖాళీ స్థలంలో ఎవరో పాతకార్ల ప్రదర్శన పెట్టారు. వరసలో మూడోది ఈయనది. పక్కన తెల్ల బుష్‌షర్టు. ఎదురుగా ఒక పత్రికమ్మాయి రాసుకుంటోంది.

"ప్రతి బోల్టూ నా చేతుల్తోనే బిగించానమ్మా. మూడేళ్ళు. మెకానిక్కులని దగ్గరికి రానివ్వలేదు. ఇలాంటివి వాళ్ళకేం తెలుస్తాయి?"

చేతులు చాచి చూపించాడు. తెల్లగా, మెత్తగా, గోళ్ళు శుభ్రంగా, ఇప్పుడే పెరుగన్నం తిని కడుక్కున్నట్టున్నాయి. ఆ అమ్మాయి వాటిని చూసి కూడా రాసుకుంది. ఇంతలో నన్ను చూశాడు. కాస్తయినా కంగారు పడతాడనుకున్నాను. పడలేదు. "ఇదిగో, మా మాస్టారు! ఈయన పక్కిల్లే. అంతా చూశారు. ఏం మాస్టారూ?"

నేను తల ఊపాను.

ఎందుకు ఊపానని ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాను నన్ను. నలుగురిలో పెద్దమనిషిని అబద్ధాలకోరని ఎలా అంటాం అనుకున్నాను. పక్కింటివాళ్ళం, ఒకే ఊరివాళ్ళం అనుకున్నాను. ఇవన్నీ తర్వాత వెతుక్కున్న కారణాలు. ఆ క్షణంలో అలవాటు కొద్దీ ఊపాను. ఆయన అడిగాడు, నేను ఒక చెయ్యి వేశాను.

మళ్ళీ షెడ్డుకి వచ్చాను. నర్సిములు లేచి నిలబడ్డాడు. నిజం చెప్పడానికి నోరు రాలేదు. "కారు దారిలో ఆగిపోయిందట నర్సిములూ," అన్నాను.

అతను వెంటనే సంచి భుజాన వేసుకున్నాడు. "ఏడ ఆగింది సార్? పంపు వేడెక్కిందా? పోయి చూస్త."

"ఇంటికి తీసుకుపోయారులే," అన్నాను. అప్పుడు కూర్చున్నాడు. తన భార్యతో అంటున్నాడు: "నేనే ఏడనో తప్పు జేసిన." సాయంత్రం దాకా అదే మాట. ఏ బోల్టు వదులుగా వదిలానా అని వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటూ కూర్చున్నాడు. పొద్దు గూకుతుంటే నా స్కూటర్ ముందుకు తోసి, దీనితో కానియ్యమన్నాను. బ్రేకు బిగించాడు. ఆ బంతిపూల దండ నా స్కూటర్‌కి నాలుగు చుట్లు వచ్చింది. బోణీ అయిందనిపించుకున్నాం.

మర్నాడు ఈయన్ని నిలదీశాను. అంటే, నా తరహాలో నిలదీశాను: "నర్సిములు ఎదురుచూశాడండీ" అన్నాను. "షెడ్డు రేపైనా ఉంటుంది మాస్టారూ. ప్రదర్శన రేపు ఉండదు కదా," అన్నాడు, అద్దం తుడుస్తూ.

ఆ మధ్యాహ్నమే నర్సిములు కాలేజీ గేటు దగ్గరికి వచ్చాడు, చేతిలో పేపర్. కారు ఫొటో గుర్తుపట్టాడు కానీ అతనికి చదవడం అంతంత మాత్రం. "ఏం రాసిండ్రు సార్?" అన్నాడు. చదివాను. ప్రతి బోల్టూ తన చేతులతోనే బిగించానని అన్నాడని చదివాను. "ఆ బోల్టు ముచ్చట ఇంకోసారి సదువుండ్రి," అన్నాడు. ఇంకోసారి చదివాను. దాని కింద ఇంకొక్క వాక్యం ఉంది: ఇందుకు తానే సాక్షినని పొరుగునే ఉండే లెక్చరర్ ఒకరు చెప్పారని. నేను నోరు తెరిచి ఒక్క మాట అనలేదు, అయినా అలా రాశారు. ఆ వాక్యం చదవలేదు. పేపర్ మడిచి ఇచ్చేశాను.

నర్సిములు మళ్ళీ మా సందులోకి రాలేదు. ఈయన వేరే మెకానిక్కుల్ని తెచ్చాడు, ఒకడి తర్వాత ఒకడు. కారు రెండుసార్లు తోస్తే గానీ లేవని స్థితికి వచ్చింది, తర్వాత మూడుసార్లు. నేను తోస్తూనే ఉన్నాను. రోజూ వాడే మగాడు చివరికి ఆటోలో కొత్తిమీరకి వెళ్ళడం మొదలుపెట్టాడు. అప్పటికి కారు మీద నీలం పట్టా కప్పి రెండేళ్ళు. ఆటోలోంచి దిగుతూ కూడా నాతో అనేవాడు, "సర్వీసింగ్‌లో ఉంది మాస్టారూ." ఏడు గజాల దూరంలో పట్టా కింద కనిపిస్తూనే ఉండేది.

పోయిన నెల ఆయన పోయాడు.

పదోరోజు భోజనాలు కాగానే మేనల్లుడు నన్ను పక్కకి పిలిచాడు. బెంగళూరు నుంచి కొనేవాళ్ళు వస్తున్నారట. బండి స్టార్ట్ కావాలి, లేకపోతే తీసుకోరట. "మావయ్యే స్వయంగా చేసుకున్నారు కదా అంకుల్, ఇంకెవరికీ అర్థం కావట్లేదు. మీకు తెలిసినవాళ్ళెవరైనా?"

దోమలగూడ వెళ్ళాను. నర్సిములు జుట్టు నెరిసింది. షెడ్డు పెద్దదయింది. విషయం చెప్పాను. చేతులు తుడుచుకుంటూ విన్నాడు.

"నా షెడ్డుకు ఎన్నడు రాని బండి నాకెట్ల ఎరుకైతది సార్?"

నేను స్కూటర్ వైపు తిరిగాను.

"తెస్తే చూస్త," అన్నాడు. "పొద్దుగాల తొమ్మిదింటికి తెండ్రి."

మర్నాడు మేనల్లుడు, నేను, హాస్టలువాళ్ళు నలుగురు కలిసి దాన్ని చిక్కడపల్లి నుంచి దోమలగూడ దాకా తోశాం. స్టీరింగ్ దగ్గర మేనల్లుడు. ఎవరూ ఉంగరాల సంగతి అడగలేదు. నేను తీయలేదు. డిక్కీ మీద జానెడు గీత పడింది. నాకు హాయిగా అనిపించింది.

నర్సిములు నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాడు. కొబ్బరికాయ కొట్టాడు. అతని భార్య బంతిపూల దండ తెచ్చింది, ఈసారి కొన్నదే, పొట్టిగా ఉంది. డ్యాష్‌బోర్డు అర తీసి చూశాడు. పసుపు మూలల కార్డు అక్కడే ఉంది, ఆరేళ్ళుగా. మళ్ళీ అక్కడే పెట్టాడు. పాత బ్యాటరీ పీకేసి పన్నెండు వోల్టులది పెట్టాడు. ఏవో తీగెలు మార్చాడు, పెట్రోలు పోశాడు. గంటలో పని అయిపోయింది. అయిపోయాక బానెట్ మూసి, తాళం జేబులో వేసుకుని స్టూలు మీద కూర్చున్నాడు.

"స్టార్ట్ చెయ్యవా?" అన్నాడు మేనల్లుడు.

"చేస్త సార్. పొద్దు గూకెదాంక ఉండనియ్. గంతే నా కూలి."

మేనల్లుడికి అర్థం కాక నావైపు చూశాడు. ఉండనియ్యమన్నాను. నాకోసం ఇంకో స్టూలు వేశాడు నర్సిములు.

దారినపోయేవాళ్ళు ఆగుతూనే ఉన్నారు. మొదట ఒక ఆటో ఆయన ఆగాడు. "కిరాక్ ఉంది అన్నా బండి! ఎవరు చేసిండ్రు?"

నర్సిములు నావైపు చెయ్యి చూపించాడు. "సార్‌ను అడుగు. సాక్షి ఆయననే. పేపర్ల గూడ వచ్చె."

ఆ వాక్యం ఎవరిచేతో చదివించుకున్నాడన్న మాట. ఎప్పుడో, ఆ వారమే కావచ్చు. ఇన్నేళ్ళూ తెలిసి కూడా ఒక్క మాట అనలేదు. ఫొటోలోని మనిషి మీద నేను పెంచుకున్న చులకన అంతా ఒక్కసారిగా నా ఒళ్ళోకి వచ్చి పడింది.

"నర్సిములు చేశాడు," అన్నాను. "మూడేళ్ళు. ప్రతి బోల్టూ."

ఇంకొకరు ఆగారు. మళ్ళీ నావైపే చెయ్యి. మళ్ళీ చెప్పాను. మధ్యాహ్నం మేనల్లుడు భోజనానికి వెళ్ళి వచ్చాడు. నేను కదల్లేదు. అడిగిన ప్రతివాడికీ చెప్పాను. సాయంత్రానికి గొంతు బొంగురుపోయింది. టీ తెప్పించి ఇచ్చాడు గానీ ఒక్కసారి కూడా చాల్లే సార్ అనలేదు.

పొద్దు గూకింది. నర్సిములు లేచి తలుపు పిడి పట్టుకుని తనే తీసుకున్నాడు. పేపర్ పరుచుకోకుండా డ్రైవరు సీట్లో కూర్చున్నాడు. సెల్ఫ్ ఒక్కసారి నొక్కాడు. ఇంజను అందుకుంది.

మేనల్లుడు నోరు వెళ్ళబెట్టాడు. "ఇంత తేలికా! మరి మావయ్య ఇన్నేళ్ళూ రోజూ ఎందుకు తోయించేవాడు?"

నర్సిములు అద్దంలోంచి నన్ను చూశాడు. కోపం లేదు ఆ చూపులో.

"తోసెటోళ్ళు ఉండిరి గద సార్."